“మీరేం పని చేస్తారు?” అని అడగడానికి ఇంటికి వచ్చినవారితో నిజం చెప్పవచ్చా?



కొంతకాలంగా మా ఓపీ గది ముందు బల్లల మీద కూర్చున్నవారి నోట ఒక ప్రశ్న వినబడుతోంది. “ఎవరో సదువుకుంటన్న పిల్లలంటమ్మా, సంచీలేసుకొని మా ఈదికొచ్చినారు. ఏటి పని సేస్తావు, ఎన్ని గంటలు సేస్తావు, ఒంట్లో ఎలాగుంటాది అని గంటసేపు అడిగినారు. సెప్పొచ్చేటి? సెప్తే పింఛనుకేటైనా అడ్డమొస్తాదా?” ఒక పెద్దాయన ఇంకా సూటిగా అడిగాడు. “మందివ్వరు, సూదెయ్యరు, రాసుకొని పోతారు. మాకేటి లాభం?”

రెండూ న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానికి జవాబు తేలిక, రెండవది కొంచెం కష్టం. దేవరాపల్లి, చోడవరం చుట్టుప్రక్కల ఊళ్ళలో చెరకు నరికేవారు, బెల్లం వండేవారు, పొలాల్లో పురుగుమందు కొట్టేవారు, తెల్లవారకముందే విశాఖ వైపు బిల్డింగు పనులకు బస్సెక్కేవారు మన సంఘాల్లో చాలామంది ఉన్నారు. విశ్వవిద్యాలయాల నుండి, వైద్య కళాశాలల నుండి పరిశోధన చేసేవారు వెదికేది ఇలాంటివారినే. అందుచేత ఈ సంచికలో ఈ సంగతి కొంచెం విపులంగా మాట్లాడుకొందాము.

మా చీటీలోని చిన్న గడి

ముందుగా మా లోపం ఒకటి ఒప్పుకోవాలి. మా ఓపీ చీటీలో పేరు, వయస్సు, ఊరు వ్రాసిన తరువాత ‘వృత్తి’ అని ఒక గడి ఉంటుంది. రద్దీగా ఉన్న రోజు దానిని నింపడానికి క్షణం పట్టదు. మగవారైతే ‘కూలి’ లేక ‘వ్యవసాయం’. ఆడవారైతే అడగకుండానే ‘గృహిణి’. ఆ ‘గృహిణి’ కోడి కూసే వేళకు లేచి ఇంటిపని ముగించుకొని, చెరకు తోటలో కలుపు తీసి, భర్త వీపున ఉన్న స్ప్రేయరు ట్యాంకులోకి మందు కలిపి పోసి, సాయంత్రం పశువులకు గడ్డి కోసి తెచ్చిన మనిషి. తలనొప్పి అన్నది, మాత్ర వ్రాసి పంపాము. ఆ రోజు ఉదయం ఆమె చేతులు దేనిలో మునిగాయో ఆ చీటీ చూసి ఎవరూ చెప్పలేరు.

1700లో ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జిని పనివారి జబ్బుల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. పూర్వకాలపు గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీసు రోగిని అడగమన్న ప్రశ్నలతో పాటు, ఆ మనిషి ఏ పని చేస్తాడో కూడా వైద్యుడు తప్పక అడగాలని అందులో వ్రాశాడు. ఆయనకు ఆ ఆలోచన మొలకెత్తింది ఇంటి మరుగుదొడ్డి గుంటను శుభ్రం చేయడానికి వచ్చిన ఒక పనివాడిని చూసినప్పుడు. అతడు ఎందుకంత తొందరపడుతున్నాడో అర్థం కాక ఆయన అడిగాడు. ఆ గుంటలో నాలుగు గంటలకు మించి ఉంటే కళ్ళు పోతాయని అతడు చెప్పాడు. రామజ్జిని దగ్గరకు వెళ్ళి చూస్తే అతని కళ్ళు ఎర్రబారి మసకగా ఉన్నాయి. వైద్యశాస్త్రంలో ఒక శాఖ అంతా ఆ గుంట గట్టున జరిగిన ఆ కొద్దిపాటి సంభాషణకు ఋణపడి ఉంది. పుస్తకాల్లో లేనిది ఆ పనివాడికి తెలుసు. అతడిని అంతవరకు ఎవరూ అడగలేదు, అంతే.

ఆసుపత్రికి రానివారి సంగతి

ఇప్పుడు మన తెలుగు నేలకు వద్దాము. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు ప్రత్తి పండించే గ్రామాల్లో ఫ్రాన్సెస్కా మాన్సిని అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు ఒక అధ్యయనం చేశారు. అది 2005లో ఒక అంతర్జాతీయ వైద్య పత్రికలో వెలువడింది. అందులో యంత్రాలు లేవు, రక్తపరీక్షలు ముఖ్యం కాదు. యాభైమంది మహిళా రైతులను ఒక పంటకాలమంతా అడుగుతూ వచ్చారు: మందు కొట్టిన రోజున మీకు, మీ ఇంటి మగవారికి ఒంట్లో ఏమైంది? తమ సంగతే గాక తమ ఇళ్ళలోని 47 మంది మగవారి సంగతి కూడా ఆ స్త్రీలే చెప్పారు.

మొత్తం 323 సందర్భాలు నమోదయ్యాయి. వాటిలో నూటికి 83కు పైగా సందర్భాల్లో కొద్దిగానో గట్టిగానో విషప్రభావపు లక్షణాలు కనిపించాయి. నూటికి ఆరు సందర్భాల్లో నరాల మీద ప్రభావం చాలా తీవ్రంగా ఉంది. ఈ చివరి సంగతి దయచేసి నిదానంగా చదవండి: అంత తీవ్రంగా ఉన్నా వారిలో ఒక్కరు కూడా వైద్యం కోసం వెళ్ళలేదు.

అంటే ఆ ఏడాది ఆ ప్రాంతపు ఆసుపత్రుల రిజిస్టర్లన్నీ ముందు వేసుకొని వెదికినా ఈ బాధలో ఒక్క పంక్తి కూడా దొరికేది కాదు. ‘ఇక్కడ పురుగుమందు వల్ల ఎవరికీ ఏమీ కాలేదు’ అని నిశ్చింతగా వ్రాసుకొనేవారు. ఆసుపత్రి వారిగా మమ్మల్ని ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇదే. మా రిజిస్టరు మా గుమ్మం ఎక్కినవారి లెక్క మాత్రమే. గుమ్మం ఎక్కనివారి లెక్క వారి ఇంటి అరుగు మీద కూర్చొని అడిగితే తప్ప రాదు.

మరొక సంగతి కూడా ఆ స్త్రీల మాటల వల్లనే బయటపడింది. మందు కొట్టేది మగవాడు గనుక ప్రమాదం అతనికేనని అందరమూ అనుకొంటాము. కాని చిక్కటి మందును నీళ్ళలో కలపడం, ట్యాంకు ఖాళీ అయినప్పుడల్లా మళ్ళీ నింపడం ఆడవారి పని. సీసాలోని మందు కలిపిన నీళ్ళకన్నా ఎన్నో రెట్లు గాఢంగా ఉంటుంది. మందు కొట్టడం ఎంత ప్రమాదమో ఈ పనీ అంత ప్రమాదమని ఆ అధ్యయనంలో తేలింది. పెద్ద రైతులకన్నా చిన్న రైతులకే విషప్రభావం తీవ్రంగా ఉండడం ఎక్కువని కూడా తేలింది.

వారు ఆసుపత్రికి ఎందుకు రాలేదు? మన ఊళ్ళ సంగతి మనకు తెలియనిదా! తల తిరిగితే ‘ఎండ దెబ్బ’ అంటాము. వాంతి అయితే ‘వేడి చేసింది’ అంటాము. చేతులు వణికితే ‘నీరసం’ అంటాము. మజ్జిగ త్రాగి పడుకొంటే మర్నాటికి తగ్గుతుంది, మళ్ళీ పొలానికి పోతాము. ఆ మందుల్లో చాలావాటిని ఆర్గానోఫాస్ఫేట్లు అంటారు. మన నరాలు కండరాలకు పంపే సందేశం పని అయిపోగానే ఆగిపోవాలి. దానిని ఆపే పదార్థం ఒకటి శరీరంలో ఉంటుంది. ఈ మందు దానిని పనిచేయనివ్వదు. అందుచేత సందేశం ఆగకుండా మోగుతూనే ఉంటుంది. చెమటలు, నోట చొంగ, కళ్ళు మసకబారడం, వాంతులు, కడుపులో మెలిపెట్టడం, కండరాలు అదరడం, ముదిరితే ఊపిరి ఆడకపోవడం అందువల్లనే. మందు నోటిలోకి పోనక్కరలేదు. చర్మం గుండా, తడిసిన చీర గుండా కూడా లోపలికి పోతుంది. మందు కలిపిన రోజు ఇలాంటివి కనిపిస్తే వెంటనే బట్టలు మార్చి, సబ్బుతో ఒళ్ళంతా కడిగి, మందు సీసానో దాని మీది కాగితాన్నో పట్టుకొని ఆసుపత్రికి రండి. సీసా మీది పేరు చూస్తే మాకు సగం పని తీరినట్టే.

చనిపోయినవారి గురించి అడగడం

ఇంటివారిని అడిగి చేసిన మరొక పెద్ద పరిశోధన గోదావరి జిల్లాల్లో జరిగింది. అక్కడ 45 గ్రామాల్లో, సుమారు 1,80,000 జనాభాలో, 2004 అక్టోబరుతో ముగిసిన ఏడాదిలో 1,354 మంది చనిపోయారు. మన పల్లెల్లో చాలామంది ఇంట్లోనే కన్ను మూస్తారు, కారణం వ్రాసిన కాగితం ఉండదు. అందుచేత శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఆ ఇళ్ళకు వెళ్ళి ఎన్నాళ్ళు బాధపడ్డారు, ఛాతీలో నొప్పి వచ్చిందా, ఒక ప్రక్క చెయ్యి కాలు పడిపోయిందా అని నెమ్మదిగా అడిగారు. ఆ జవాబులను చదివి వైద్యులు మరణ కారణం నిర్ణయించారు. దీనిని వెర్బల్ అటాప్సీ అంటారు, మాటలతో చేసే శవపరీక్ష అన్నమాట. నూటికి 98 మంది విషయంలో ఇంటివారు కూర్చొని చెప్పారు. దుఃఖంలో ఉన్నవారు అంతమంది చెప్పడం మాకు ఆశ్చర్యమే.

పల్లెటూరి మరణాలంటే జ్వరాలు, విరేచనాలు, క్షయ అని అప్పటివరకు చాలామంది అనుకొనేవారు. తేలింది వేరు. గుండెజబ్బు, పక్షవాతం వంటి రక్తప్రసరణ జబ్బులతో పోయినవారు నూటికి 32 మంది. అంటువ్యాధులతో పోయినవారు 12 మంది. గాయాలు, ప్రమాదాల వంటి కారణాలతో పోయినవారు 13 మంది, వారిలో మూడింట ఒక వంతు తమ ప్రాణం తామే తీసుకొన్నవారు. ఈ చివరి మాట ఊళ్ళో బయటకు అనరు, గుడిలో అసలే అనరు. అయినా ఎవరో ఒకరు తీర్పు తీర్చకుండా అడిగినప్పుడు ఆ ఇంటివారు చెప్పారు.

‘అలవాటైపోయింది’ అనే జవాబు

అడిగినంత మాత్రాన నిజమంతా వస్తుందని పరిశోధకులూ అనుకోరు. అమర్త్యసేన్ 2002లో ఒక బ్రిటిష్ వైద్య పత్రికలో వ్రాసిన సంగతి దీనికి మంచి ఉదాహరణ. ‘మీకు జబ్బుగా ఉందా’ అని ఇంటింటికి వెళ్ళి అడిగితే ‘ఉంది’ అనేవారు కేరళలో ఎక్కువ, బిహార్‌లో తక్కువ. కాని ఎక్కువ ఏళ్ళు బ్రతికేది కేరళవారే! బిహార్‌లో బాధ లేదని కాదు. చదువు, ఆసుపత్రి అందుబాటులో ఉన్నచోట మనిషి తన బాధను జబ్బుగా గుర్తిస్తాడు, లేనిచోట దానిని బ్రతుకులో భాగమనుకొంటాడు.

మన దగ్గరా అంతే. ఏళ్ళ తరబడి చెరకు నరికినవాడిని నడుము ఎలా ఉందని అడిగితే “బాగానే ఉందండి” అంటాడు. ప్రక్కనే ఉన్న భార్య “రాత్రి ఒత్తిగిలి పడుకోలేడు” అంటుంది. బెల్లం పెనం దగ్గర పొయ్యిలో పిప్పి ఎగదోసే మనిషి దగ్గు గురించి మాట్లాడడు, ఎందుకంటే ఆ పనిలో అందరికీ దగ్గు ఉంటుంది. జీడిపిక్కలు ఒలిచేవారు జీడి తగిలి కాలిన వేళ్ళను గాయంగా లెక్కపెట్టరు. అందుకే అనుభవం ఉన్నవారు ‘జబ్బుందా’ అని అడగరు. ‘నిన్న ఎన్నింటికి లేచారు, అన్నం ఎప్పుడు తిన్నారు, మూత్రానికి ఎక్కడికి వెళ్ళారు, నీళ్ళు ఎన్నిసార్లు త్రాగారు’ అని అడుగుతారు. పనికిమాలిన ప్రశ్నల్లా ఉంటాయి. కాని పని చోట మరుగు లేక పగలంతా నీళ్ళు త్రాగని స్త్రీకి మూత్రంలో మంట ఎందుకు తిరగబెడుతోందో ఆ జవాబుల్లోనే ఉంటుంది.

పనిలో ఉన్నవారిని మాత్రమే అడిగితే మరొక పొరపాటు జరుగుతుంది. ఒక కోత ముఠాలో పదిమందిని అడిగి అందరూ గట్టిగా ఉన్నారు, ఈ పని మంచిదే అనుకొన్నారట. నడుము పోయినవాడు, మోకాలు పోయినవాడు ముఠాలో ఉంటే గదా! వారు ఇంట్లో మంచం మీద ఉన్నారు. కాబట్టి ఎవరైనా అడగడానికి వస్తే, పని మానేసినవారి ఇల్లు కూడా చూపించండి.

ఈ పరిశోధనలు రెండు రకాలుగా ఉంటాయి. ఒకటి అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి గడుల్లో టిక్కు పెట్టేది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకొన్నారా అని స్త్రీలను అడిగారు. 15 నుండి 49 ఏళ్ళ వారిలో దేశం మొత్తం మీద సుమారు 3 శాతం అవునన్నారు, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం. రాష్ట్రాలన్నింటిలో మనదే ఎక్కువ. ఎంతమందికి అన్నది ఇలా తెలిసింది. తీయించుకోమని ఎవరు చెప్పారు, ఎన్ని రోజులకు మళ్ళీ కలుపుకు వెళ్ళారు, కూలి పోయిన రోజులు ఎలా గడిచాయి అన్నది గడుల్లో పట్టదు. దానికి రెండవ రకం కావాలి: కొద్దిమందితో తీరికగా కూర్చొని వారి మాట వారి దారిలో వినడం. బేతెస్ద కోనేటి దగ్గర 38 ఏళ్ళుగా జబ్బుతో ఉన్న మనిషిని ప్రభువు ఒక ప్రశ్న అడిగినప్పుడు, అతడు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. తనను నీళ్ళలోకి దించే మనిషి లేడని తన పరిస్థితి చెప్పుకొన్నాడు. అతని జవాబు ఏ గడిలో టిక్కు పెడతాము?

సంతకం పెట్టే ముందు

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ఇచ్చిన నియమావళి ప్రకారం ఆరోగ్య పరిశోధన చేసేవారు ముందుగా ఒక నైతిక కమిటీ అనుమతి పొందాలి. ఎందుకు అడుగుతున్నారో మీకు తెలిసిన భాషలో చెప్పి మీ సమ్మతి తీసుకోవాలి. చదువు రానివారైతే సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. ఇష్టం లేని ప్రశ్నను వదిలేయవచ్చు, మధ్యలో లేచిపోవచ్చు, అందువల్ల మీకు రావలసిన వైద్యం ఏదీ ఆగకూడదు. మాటలు రికార్డు చేయాలన్నా మిమ్మల్ని అడగాలి. పింఛను, రేషన్ కార్డు వంటివాటికి జరిగే ప్రభుత్వ సర్వే వేరు, ఇది వేరు. ఆధార్ నంబరు, బ్యాంకు పుస్తకం, ఓటీపీ అడిగితే మాత్రం అది పరిశోధన కాదు, పంపించేయండి.

ఊరి పెద్దలో సంఘ కాపరో ఒప్పుకొన్నంత మాత్రాన మీరు ఒప్పుకొన్నట్టు కాదు. ఇది కొందరు పాస్టరుగార్లకు రుచించకపోవచ్చు, అయినా చెప్పాలి. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో బాలికలకు హెచ్‌పీవీ టీకా వేసిన ప్రాజెక్టులో తల్లిదండ్రుల సమ్మతి ఉండవలసిన పత్రాల మీద వేల సంఖ్యలో హాస్టలు వార్డెన్ల సంతకాలు ఉన్నట్టు తరువాత బయటపడింది. 2010లో అది ఆగింది, 2013లో పార్లమెంటు కమిటీ దానిని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, గర్భాశయ ముఖద్వార క్యాన్సరు రాకుండా కాపాడుతుంది, ఆడపిల్లలకు వేయించమనే మేము చెబుతాము. తప్పు టీకాలో కాదు, అడగవలసినవారిని అడగకపోవడంలో ఉంది.

మాట్లాడేటప్పుడు ప్రక్కన ఎవరున్నారో చూసుకోండి. మేస్త్రి వింటూ ఉంటే కూలి గురించి, అత్తగారు వింటూ ఉంటే ఆపరేషన్ గురించి నిజం రాదు. వేరుగా మాట్లాడదామని అడిగే హక్కు మీకుంది. పేరు వ్రాయమని వారు అన్నా, ‘ఫలానా ఊరిలో బెల్లం వండే ఏకైక మహిళ’ అని వ్రాస్తే చుట్టుప్రక్కల అందరికీ తెలిసిపోతుంది గదా. ఊరి పేరు కూడా మార్చమని చెప్పవచ్చు.

లాభం ఏమిటన్న పెద్దాయనకు

మీ నొప్పి రేపటికి తగ్గుతుందని చెబితే అబద్ధం. అడిగేవారు వైద్యులు కాకపోవచ్చు, మందు ఇవ్వకూడదు కూడా. ఒక్కోసారి మీరు చెప్పినది ఏ అలమారులోనో ఉండిపోతుంది. పట్టా పుచ్చుకొని తిరిగి రానివారు ఉన్నారు, మాకూ అది బాధే. ‘తేలినది మాకు వచ్చి చెబుతారా’ అని ముందే అడగండి.

కాని ఎప్పుడూ అలాగే కాదు. గోదావరి జిల్లాల్లో మరణాల సంగతి తెలిసిన తరువాత, అక్కడి పల్లెల్లోనే గ్రామ ఆరోగ్య కార్యకర్తలు గుండెజబ్బు రాబోయేవారిని ముందుగా గుర్తించగలరా అని పరీక్షించారు. గుర్తించగలరని తేలింది. పురుగుమందుల విషయంలో 2018లో కేంద్ర ప్రభుత్వం 18 మందులను నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. చెరకు, వరి రైతులకు బాగా తెలిసిన ఫోరేట్ గుళికలు అందులో ఉన్నాయి, వాటి నిషేధం 2020 డిసెంబరు 31 నుండి అమలైంది. ఏదో ఒక్క అధ్యయనం వల్ల ఇది జరిగిందని చెప్పలేము. అయితే ఎవరికీ ఏమీ కాలేదని రిజిస్టర్లు చెబుతూ ఉంటే ఏ ప్రభుత్వమూ నిషేధించదు.

ఇక మా సంగతి. ఓపీ చీటీలోని ఆ చిన్న గడిని పెద్దది చేస్తున్నాము. ‘వృత్తి’ అన్న చోట ‘నిన్న, ఈ వారం చేసిన పనులు’ అని ఉంటుంది. చీటీ వ్రాసే సిస్టరమ్మ అడుగుతుంది, వరుస కొంచెం నెమ్మదిగా కదులుతుంది, ఓర్చుకోండి. ఆమె అడగడం మరిచి మళ్ళీ ‘గృహిణి’ అని వ్రాసేస్తే, మందు కలిపినది, చెరకు మోసినది, పిక్కలు ఒలిచినది చెప్పి అక్కడే దిద్దించుకొని లోపలికి రండి.